నూకల ఓడకి నేను రాసిన ఫెయిల్

అది 2022 సెప్టెంబరు. విశాఖపట్నం ఇన్నర్ హార్బర్‌లో ఒక పాత ఓడ ఖాళీగా బెర్తుకి, అంటే ఓడలు ఆగే గట్టుకి, కట్టి ఉంది. దానిలోకి ఎక్కవలసిన నూకల బస్తాలు ఎదురుగా గోడౌన్‌లో కప్పు అందేదాకా పేర్చి ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య మిగిలి ఉన్నది నా సంతకం ఒక్కటే. ఇరవై ఆరేళ్ళుగా ఈ రేవులో పనిచేస్తున్నాను. వందల ఓడలు చూసి మర్చిపోయాను. ఆ ఓడని మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

నేను కార్గో సర్వేయర్ని. మా పెళ్ళి మాటలప్పుడు మా మావగారు "ఏటి బాబూ, భూములు కొలుత్తావా?" అని అడిగారు. కొలిచేది భూములు కాదు. ఓడ ఎక్కే సరుకు బాగుందా, ఎక్కించుకునే ఓడ బాగుందా అని కొనేవాళ్ళ తరఫున చూసి కాగితం ఇవ్వడం నా పని. ఓడ లోపల సరుకు నింపే పెద్ద గదిని హోల్డ్ అంటారు. దాని మీది ఇనప మూతలు హేచ్ కవర్లు. తిండిగింజలు ఎక్కించే ముందు హోల్డ్‌లోకి నిచ్చెన మీద దిగి, అది శుభ్రంగా ఉందా, పొడిగా ఉందా, వాసన, పురుగు లేకుండా ఉందా అని చూడాలి. దీన్ని హోల్డ్ ఇన్‌స్పెక్షన్ అంటాం. చూశాక పాస్ అనో ఫెయిల్ అనో రాయాలి. పాస్ రాసేదాకా ఒక్క బస్తా కూడా లేవదు.

ఈ పనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఒక టార్చి లైటు, ఒక తెల్లగుడ్డ చాలు. చర్చికి కట్టుకునే తెల్లచీరలు పాతబడితే మా ఆవిడ సుజాత వాటిని చింపి, ఉతికి, చేతిరుమాళ్ళంత ముక్కలు చేసి నా సంచీలో పెడుతుంది. హోల్డ్ గోడ మీద ఆ గుడ్డతో ఒక్కసారి రాస్తే పాత సరుకు తాలూకు సంగతంతా గుడ్డ మీదికి వచ్చేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి మొహమాటానికి పోయి, ఎరువుల వాసన తగులుతున్న హోల్డ్‌కి పాస్ రాశాను. ఆ బియ్యం అవతల ఒడ్డున దించాక వాసన కొడుతోందని తిప్పికొట్టారు. ఆ తర్వాత నేను మొహమాటమన్నది పూర్తిగా మానేశాను. రేవులో నాకు 'ఫెయిలు మాస్టారు' అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే కోపం వచ్చినట్టు నటించేవాణ్ణి గానీ లోపల గర్వంగానే ఉండేది.

ఆ నూకలు కొన్నది పడమటి ఆఫ్రికాలోని గాంబియా దేశం వాళ్ళు. మ్యాపులో ఒక నది, దానికి అటూ ఇటూ రెండు గట్లు, అంతే ఆ దేశం. నది ఎగువన ఉన్న ఒక పట్నంలో చిన్న చిన్న కొట్లవాళ్ళంతా కలిసి ఈ సరుకు తెప్పించుకుంటున్నారు. ఎక్కించేది కళ్ళారా చూసుకుని రమ్మని తమలో ఒకణ్ణి పంపారు. అతని పేరు ఎబ్రిమా. నా ఈడువాడే, యాభై దాటాయి. నెమ్మదిగా ఇంగ్లిషు మాట్లాడేవాడు. పది రోజులుగా ఇక్కడే లాడ్జిలో ఉంటూ, రోజూ పొద్దున్నే గోడౌన్‌కి వచ్చి, బస్తాల మధ్య నడిచి, అరచేతిలోకి గుప్పెడు నూకలు తీసుకుని వాసన చూసేవాడు.

ఒకరోజు పూర్ణా మార్కెట్ చూస్తానంటే తీసుకెళ్ళాను. బియ్యం కొట్టు ముందు నిలబడి, "మీ నూకలు ఎక్కడ అమ్ముతారు?" అని అడిగాడు. కొట్టాయన మూలనున్న మూట చూపించి, "అవి కోళ్ళకండి" అన్నాడు. నేను సిగ్గుపడుతూనే ఇంగ్లిషులో చెప్పాను. ఎబ్రిమా పగలబడి నవ్వాడు.

"మిస్టర్ పాల్, మా దగ్గర మీ పొడవాటి బియ్యం పెడితే అతిథి అలుగుతాడు. మా వంటకి నూకే కావాలి. చేపల పులుసంతా నూకే పీల్చుకుంటుంది. పెద్ద గింజ పీల్చుకోదు" అన్నాడు.

మాది కంచరపాలెం. మా నాన్న గూడ్స్ షెడ్డులో మూటలు మోసేవాడు. మా ఇంట్లో బియ్యం వండింది క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ, మిగతా రోజులన్నీ నూకలే. ఆ సంగతి నేను మా పిల్లలకి కూడా సరిగా చెప్పలేదు. ఎబ్రిమాకి చెప్పాను. ఆ ఆదివారం అతన్ని భోజనానికి పిలిచి, నూకలన్నం వండమన్నాను. సుజాత ఒప్పుకోలేదు.

"ఏటండీ, ఇంటికొచ్చిన మనిసికి నూకలు పెడతామా? నలుగురూ ఏటనుకుంతారు?"

"అతనికి అదే బిర్యానీ" అన్నాను.

నూకలన్నం, వంజరం పులుసు. ఎబ్రిమా రెండుసార్లు వడ్డించుకున్నాడు. తర్వాత చేయి కడుక్కుంటూ తన ఇంటి సంగతి చెప్పాడు. వాళ్ళింట్లో అందరూ ఒకే పెద్ద గిన్నె చుట్టూ కూర్చుని తింటారట. వాళ్ళ అమ్మ గిన్నెలో తన వైపున్న అన్నాన్ని వేళ్ళతో మెల్లగా పిల్లల వైపుకి నెడుతూ ఉంటుందట. ఎవరూ చూడలేదనుకుంటుందట.

"వానల నెలల్లో మరీ నెడుతుంది. మా నది పక్క పండే వరి కొన్ని నెలలకే సరిపోతుంది. మిగతా ఏడాదంతా ఓడ మీదే ఆధారం. ఈ ఏడు యుద్ధం వల్ల గోధుమలు ప్రియమైపోయాయి, రొట్టె కూడా కొనలేకపోతున్నారు. ఓడ ఆలస్యమైతే నా కొట్లో అడుగు కనిపిస్తుంది. నా కొట్లో అడుగు కనిపిస్తే వీధిలో పొయ్యి రోజుకి ఒక్కసారే వెలుగుతుంది" అన్నాడు.

రోజూ మధ్యాహ్నం వాళ్ళమ్మ ఫోన్ చేసేది. ఎప్పుడూ ఒకటే ప్రశ్న. ఆవిడ భాషలో అడిగేది, ఎబ్రిమా నవ్వుతూ నాకు చెప్పేవాడు. "బయలుదేరిందా?" అంటుందట.

ఇన్‌స్పెక్షన్ బుధవారం పొద్దున్న ఎనిమిదికి పెట్టాను. నేను రాగానే ఆలస్యం లేకుండా దిగాలని, హేచ్ కవర్లన్నీ ఎనిమిదికల్లా తెరిచి ఉంచమని ఓడవాళ్ళకి ముందురోజే చెప్పాను. తీరా ఆ పొద్దున్న ఔటర్ హార్బర్‌లో ఇంకో ఓడ దగ్గర ఇరుక్కుపోయాను. వచ్చేసరికి పదకొండు దాటింది.

ఓడ మెట్ల దగ్గర అప్పన్న నిలబడి ఉన్నాడు. అప్పన్న మా గ్యాంగ్ మేస్త్రీ, అంటే బస్తాలు ఎక్కించే కూలీల పెద్ద. పెదజాలరిపేట మనిషి. అన్నదమ్ములు ఇప్పటికీ వేటకి వెళ్తారు, ఇతనొక్కడే ఒడ్డు మీద పనికి వచ్చాడు. చేతిలో కొబ్బరికాయ ఉంది. మొదటి స్లింగ్, అంటే క్రేను ఎత్తే మొదటి వరస బస్తాలు, లేచే ముందు కాయ కొట్టకుండా అతను పని మొదలుపెట్టడు.

"బావా, గాలి తిరగబడిపోనాది" అన్నాడు. "పొద్దున్న కొండకాడ్నించి వచ్చీది. ఇప్పుడు ఆ బొగ్గు బెర్తు కాడ్నించి వత్తాంది. మూతలు మూసీమని సెప్పమంతావేటి?"

"మూసేస్తే నేనేం చూడాలి? చీకట్లో తడుముకోనా?" అన్నాను.

"నాను సెప్పాల్సింది సెప్పినాను" అని కాయని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

డెక్ మీద ఎబ్రిమా ఉన్నాడు. ఆ రోజు తెల్లని పొడుగాటి అంగీ వేసుకున్నాడు. మొదటి బస్తా ఎక్కే రోజున వేసుకోమని వాళ్ళమ్మ మడతపెట్టి పంపిందట. పొద్దున్నుంచీ అక్కడే నిలబడ్డట్టున్నాడు, భుజం మీద, చేతుల మీద దులుపుకుంటున్నాడు.

"మా వైజాగ్‌లో తెల్లబట్టలు వేసుకునే ధైర్యం మా పాస్టరుగారికి తప్ప ఎవరికీ లేదు" అని వెక్కిరించాను. "ఇక్కడ గాలికి కూడా రంగు ఉంటుంది."

అతను నవ్వాడు. నేనూ నవ్వి, నూకలకి కేటాయించిన మూడు, నాలుగు నంబర్ల హోల్డుల్లో ముందు మూడోదాని నిచ్చెన దిగాను.

గాలికి రంగు ఉంటుందన్న మాట నా నోటితో నేనే అన్నాను. కంచరపాలెంలో పుట్టి పెరిగినవాణ్ణి. బొగ్గు వ్యాగన్లు పోయే లైను మా పెరటి వెనకే. మంచినీళ్ళ బిందె మీద గుడ్డ లేకపోతే మా అమ్మ నాలుగు తగిలించేది. మాలో ఎవరమైనా కూర్చోబోయే ముందు కుర్చీ తుడుచుకుంటాం, అది చూసి బయటివాళ్ళు నవ్వుతారు. అలాంటి నేను, మూడు గంటలుగా నోరు తెరుచుకుని ఉన్న హోల్డ్‌లోకి దిగి, గోడ మీద తెల్లగుడ్డ రాసి, గుడ్డ నల్లబడితే, ఆ నలుపు ఎక్కడిదని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఆలోచించకపోవడానికి కారణం కూడా చెప్పాలి. ఓడ పాత ప్రయాణాల చీటీ అప్పటికే నా జేబులో ఉంది. మూడు ప్రయాణాల కింద అది బొగ్గు మోసింది. చూసి రమ్మంటే దొంగని పట్టుకొచ్చినంత సంతోషం వేసింది నాకు. నాలుగో హోల్డ్‌లోనూ రాశాను. అక్కడా నలుపే.

ఓడ చీఫ్ ఆఫీసర్ ఫిలిప్పీన్స్ కుర్రాడు, మర్యాదస్తుడు. "సార్, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగించాను. ఇది మాది కాదు. కావాలంటే తుడిపించి గంటలో మళ్ళీ చూపిస్తాను" అన్నాడు.

"ఇది మాది కాదు అనని చీఫ్ ఆఫీసర్ని నేనింతవరకూ చూడలేదు" అన్నాను. ఫెయిల్ అని రాసి, మూడూ నాలుగూ పూర్తిగా కడిగి ఆరబెట్టాలని కింద గీత గీసి మరీ సంతకం పెట్టాను.

పైకొచ్చాక ఎబ్రిమాకి గుడ్డ చూపించాను. అతను దాన్ని చూశాడు. ఏదో అనబోయినట్టు కనిపించింది. నా మొహంలోకి చూసి ఆగిపోయాడు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

"రేపటికి తేలిపోతుంది. మీవాళ్ళ గిన్నెలోకి వెళ్ళేది శుభ్రంగా వెళ్ళాలి కదా."

"అవును. మా తిండిని ఇంత శ్రద్ధగా చూసే మనిషి ఇక్కడున్నాడని మా అమ్మకి చెప్తాను" అన్నాడు.

గురువారం తెల్లవారుజాము నుంచీ తుంపర. కడగడం అయింది గానీ ఆరడం కాలేదు. వాన ఆగితే మూతలు తెరవడం, చినుకు పడితే మూయడం. సాయంత్రం అయిదింటికి నేను దిగి చూసేసరికి గోడలు బాగానే ఉన్నాయి, నాలుగో హోల్డ్ మూలల్లో మాత్రం తడి వేలికి తగులుతోంది.

ఇక్కడ మా రేవు అలవాటు ఒకటి చెప్పాలి. ఎగుమతి సరుకుకి కస్టమ్స్‌లో వేసే కాగితాన్ని షిప్పింగ్ బిల్ అంటారు. చట్టం ప్రకారం అది ముందే వేసుకోవచ్చు. కానీ హోల్డ్ పాస్ కాకుండా బిల్లు వేస్తే, రేపు ఆ ఓడ పనికిరాదని తేలినప్పుడు మార్పులు చేయించుకోవడం పెద్ద తలనొప్పి. అందుకని మా క్లియరింగ్ ఏజెంట్లు చాలామంది పాస్ కాగితం చేతికొచ్చేదాకా బిల్లు సంచీలోనే ఉంచుకుంటారు. ఈ నూకల బిల్లు చూసే ఏజెంటు శ్రీను కూడా అలాగే ఉంచుకున్నాడు.

శ్రీను నా వెనకే నిచ్చెన దిగి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు అంత లోపలికి వచ్చాడు.

"సార్, ఈపాలికి పాస్ ఇచ్చీండి సార్. నాను ఇప్పుడే బిల్లు పడేత్తాను. నూకల మీద ఏదో ఆర్డరు వచ్చేత్తాదని అంతన్నారు సార్. కాకినాడోళ్ళు రాత్రీ పగలూ ఎక్కించేత్తన్నారంట."

"ఆర్డరు సంగతి నాకెందుకు? తడి సంగతి చెప్పు" అన్నాను. "రేపు పొద్దున్న ఏడింటికి వస్తాను. పొడిగా ఉంటే ఏడుంబావుకి నీ చేతిలో పాస్ ఉంటుంది."

"మూల మీద జానెడు తడి సార్. కింద చాపలు పరిపిత్తాం కదా."

"చాపలు తడి పీల్చుకోవా?"

శ్రీను నిచ్చెన ఎక్కి వెళ్ళిపోయాడు. నేను అన్నది తప్పు కూడా కాదు. తడి మీద నూకలు వేస్తే ముద్దకట్టి బూజు పడతాయి. ఇప్పటికీ ఎవరైనా అడిగితే అదే చెప్తాను. కానీ మొదట కడగమన్నది నేనే, ఆ తడి తెచ్చిపెట్టింది నేనే.

ఆ సాయంత్రం మా వీధిలో ఒకరింట్లో ప్రార్థన కూడిక. పాట మధ్యలో ఫోన్ మోగింది. బయటికొచ్చి ఎత్తాను.

"సార్, ఐపోనాది సార్" అన్నాడు శ్రీను. "ఆర్డరు వచ్చేసినాది. నూకలు దేశం దాటకూడదంట. రేపట్నుంచే."

నిమిషంలో ఆ కాగితం నా ఫోన్‌కి వచ్చింది, ఆ రాత్రి అందరి ఫోన్లలోనూ అదే తిరిగింది. దేశంలో నూకల ధర పెరిగిపోయిందనీ, కోళ్ళ దాణాకి కూడా దొరకడం లేదనీ ఎగుమతి ఆపేశారు. ఆ నిర్ణయం తప్పనో ఒప్పనో తేల్చే చదువు నాకు లేదు. మన ఇంట్లో కరువు రాకూడదని ఎవరి ప్రభుత్వం వాళ్ళు చూసుకుంటారు. నేను చూసింది కింద ఉన్న మినహాయింపులు. లోడింగ్ అప్పటికే మొదలైన ఓడలు వెళ్ళొచ్చు. బిల్లు వేసి ఉండి, ఓడ రేవుకి వచ్చి ఉన్నా వెళ్ళొచ్చు. ఒక్క బస్తా ఎక్కి ఉంటే చాలు. ఒక్క కాగితం పడి ఉంటే చాలు. ఫోన్ పట్టుకుని వీధిలో నిలబడిపోయాను, లోపల పాట అయిపోయింది కూడా తెలియలేదు.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి మాట ప్రకారం వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలీదు. రెండు హోల్డులూ పొడిగా ఉన్నాయి. గోడ మీద గుడ్డ రాస్తే తెల్లగా వచ్చింది. పాస్ రాసి సంతకం పెట్టాను. శ్రీను ఆ కాగితాన్ని తీసుకుని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. దానితో అతను చేసుకునేది ఏమీ లేదు.

తర్వాత డెక్ మీద చాలాసేపు మాటలు నడిచాయి. వినతిపత్రం పెట్టుకోవచ్చని ఒకరు, ఢిల్లీలో మాట్లాడతామని ఒకరు. ఎబ్రిమా అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. నేను హేచ్ అంచు మీద చేయి ఆనించి వింటున్నాను. మాటలు ఆగాక చేయి తీశాను. అరచేయి నల్లగా ఉంది.

నేను పాస్ చేసి అప్పటికి గంట పైన అయింది, మూతలు తెరిచే ఉన్నాయి. జేబులోంచి ఇంకో గుడ్డ తీసి, మళ్ళీ మూడో నంబరు నిచ్చెన దిగి, పొద్దున్న రాసిన చోటే రాశాను. బుధవారం వచ్చిన నలుపే వచ్చింది. అంతే నలుపు.

పైకొచ్చి చూస్తే పక్క బెర్తులో క్రేను బొగ్గు ఎత్తి పోస్తోంది. ఎత్తిన ప్రతిసారీ సన్నటి పొగలా లేచి మా ఓడ మీదికి వస్తోంది. అప్పన్న నా చేతిలో గుడ్డ చూశాడు.

"నాను ముందే సెప్పినాను గదా బావా, గాలి తిరిగిందని" అన్నాడు. ఎత్తిపొడిచినట్టు కాదు, బాధగానే అన్నాడు. "మనూరి బొగ్గే గదేటి అది. తుడిసేత్తే పోయీది."

నేను గుడ్డని గుప్పిట్లో నలిపి జేబులో కుక్కేశాను. చీఫ్ ఆఫీసర్ అటు తిరిగి ఉన్నాడు. శ్రీను చూడలేదు. ఎబ్రిమా చూశాడో లేదో నాకు అప్పుడు తెలియలేదు. అదే సమయానికి అతని ఫోన్ మోగింది. స్క్రీన్ మీద వాళ్ళమ్మ బొమ్మ. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని, మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ ఉండిపోయాడు.

వినతులు చాలా పెట్టారు. ఎబ్రిమా ఇంకో రెండు వారాలు ఉండి, తిరగని ఆఫీసు లేదు. ఎక్కడా ఎవరూ కసురుకోలేదు. అందరూ కుర్చీ వేసి కూర్చోబెట్టి, లోడింగ్ మొదలైందా అని అడిగారు, బిల్లు పడిందా అని అడిగారు, పాపం అన్నారు. ఓడ ఖాళీగానే వెళ్ళిపోయింది. ఆ మర్నాడే ఆ బెర్తులోకి ఇంకో ఓడ వచ్చింది. అప్పన్న తన కొబ్బరికాయ దానికి కొట్టాడు, ఇంటికి తీసుకెళ్ళబుద్ధి కాలేదట.

వెళ్ళే రోజున ఎబ్రిమా మా ఇంటికి వచ్చాడు. ఒక ఖాళీ బస్తా మడతపెట్టి నా చేతిలో పెట్టాడు. తమ కొట్లవాళ్ళ కోసం ప్రత్యేకంగా ముద్రించుకున్న సంచీ అది. దాని మీద ఒక పెద్ద గిన్నె బొమ్మ, గిన్నె చుట్టూ నాలుగైదు చేతులు.

"మిస్టర్ పాల్, మీరు మనసులో పెట్టుకోకండి. మీరు మీ పని నిజాయితీగా చేశారు" అన్నాడు.

సుజాత నా వైపు చూసింది. ఆమెకి నేను అప్పటికే అంతా చెప్పేశాను. ఇప్పుడు చెప్తారు కదా అన్నట్టు చూసింది. నేను, "జాగ్రత్తగా వెళ్ళండి" అన్నాను. ఆటో మలుపు తిరిగాక ఆమె లోపలికి వెళ్తూ, "ఒక్క ముక్క సెప్తే నోరు పడిపోతాదేటండీ?" అంది. ఆ పూట మా ఇంట్లో ఎవరం సరిగా తినలేదు.

రెండు నెలల తర్వాత ఏదో పని మీద పెందుర్తి వెళ్ళాను. రోడ్డు పక్క దాణా దుకాణం ముందు బస్తాలు దింపుతున్నారు. స్కూటర్ దానంతట అదే ఆగినట్టు ఆగింది. ప్రతి బస్తా మీదా గిన్నె బొమ్మ, చుట్టూ చేతులు.

"ఎక్కడివివి?" అని అడిగాను.

"ఎగుమతి ఆగిపోయిన సరుకంటండి. ఫస్టు క్లాసు నూక" అన్నాడు దుకాణదారు. "మా కోళ్ళు తెగ తింతన్నాయి."

పూర్ణా మార్కెట్ కొట్టాయన చెప్పిన మాటే చివరికి నిజమైంది. ఒక బస్తా మూల చిరిగి నేల మీద నూకలు పోయాయి. గుప్పెడు తీసి వాసన చూశాను. ఏ లోపమూ లేదు. ఆ తర్వాత చాలాకాలం మా ఇంట్లో ఆదివారం కోడికూర వండలేదు. ఎందుకని పిల్లలు అడిగితే సుజాతే ఏదో చెప్పి సర్దింది.

ఎబ్రిమా అక్కడి నుంచి మెసేజ్‌లు పెట్టేవాడు. వేరే దేశం నుంచి సరుకు తెప్పించారట గానీ ఆలస్యంగా వచ్చింది, సగమే వచ్చింది. కొట్టు కొన్ని వారాలు మూసేశాడు. మూసిన తలుపు మీద పిల్లలు వచ్చి కొట్టి వెళ్తున్నారని రాశాడు. నాకు క్రిస్మస్ శుభాకాంక్షలు మాత్రం మర్చిపోలేదు. 'నా మిత్రుడు, నిజాయితీ గల మనిషి పాల్‌కి' అని మొదలుపెట్టాడు. ఆ ఒక్క ముక్క చదివి ఫోన్ పక్కన పెట్టేశాను.

మరుసటి ఏడు వానల్లో వాళ్ళమ్మ పోయిందని రాశాడు. 'వయసైపోయింది. డాక్టరు కూడా అదే అన్నాడు. కానీ పోయిన ఏడాది నుంచీ గిన్నెలో తన వైపు ఏమీ ఉంచుకునేది కాదు. చాలా తేలికైపోయింది. మోసేటప్పుడు తెలిసింది.'

అది చదివాక ఇంక దాచుకోలేకపోయాను. సుజాత పక్కనే కూర్చుంది. ఇంగ్లిషులో ఒక్కొక్క వాక్యమే టైపు చేశాను. హోల్డులు శుభ్రంగానే ఉన్నాయని, ఆ నలుపు మా ఊరి గాలిదని, మూతలు తెరిచి ఉంచమన్నది నేనేనని, అప్పన్న చెప్పినా వినలేదని, గోడలు తుడిపించి గంటలో పాస్ రాయవలసింది రెండు రోజులు చేశానని, శుక్రవారమే నాకు తెలిసిందని, తెలిసి కూడా అతని మొహం మీద చెప్పలేకపోయానని. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు.

అతను వెంటనే చదివినట్టు తెలిసింది. జవాబు మర్నాడు వచ్చింది.

'నాకు తెలుసు, మిస్టర్ పాల్. మీరు రాకముందు మూడు గంటలు ఆ డెక్ మీద నిలబడ్డాను. మా అమ్మ పంపిన తెల్ల అంగీ పది గంటలకే నల్లబడింది. మీరు గుడ్డ చూపించినప్పుడు నా చెయ్యి చూపిద్దామనుకున్నాను. కానీ ఇది మీ ఊరు, మీ పని. మీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. నేను కూడా ఒక్క మాట అనలేదు. ఆ అంగీ ఇంకా ఉతకలేదు.'

ఆ తర్వాత అతని నుంచి మెసేజ్ రాలేదు. నేనూ రాయలేదు. ఆ ఏడు క్రిస్మస్‌కి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను గానీ శుభాకాంక్షలు రాలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నేర్చుకోవలసింది ఏమైనా ఉందా అంటే ఉంది. ఇప్పుడు నేను రెండు గుడ్డలు తీసుకెళ్తాను. ఒకదాన్ని ముందు డెక్ మీద పరిచి, పావుగంట ఆగి, దాని మీద ఏం పడిందో చూశాకే రెండోదాన్ని హోల్డ్‌లోకి తీసుకెళ్తాను. ఓడ ఎక్కే ముందు అప్పన్నని గాలి ఎటుందని అడుగుతాను. చాలా చిన్న పద్ధతి. పావుగంట పని. కుర్రాళ్ళు దాన్ని పాల్ సార్ టెస్టు అంటున్నారు, బాగుందని మెచ్చుకుంటున్నారు. వాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఎక్కడైనా మొహం దాచుకోవాలనిపిస్తుంది. పోయిన వారం కూడా ఆ టెస్టు చేశాను. గుడ్డ మీద పొడి పడింది, హోల్డ్ తుడిపించాను, గంటలో పాస్ రాశాను. మొదటి స్లింగ్ లేస్తుంటే అప్పన్న కాయ కొట్టాడు. నేను అటు చూడలేక, రెండు చేతులూ చొక్కాకి తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చేశాను.